పని ఎక్కువ చేసే కుక్క

ఊరికే వచ్చినదాన్ని నేను నమ్మను. అందులోనూ తోక ఉన్నదాన్ని అసలే నమ్మను.

కోతలయ్యాక మా మడిలో మంద పెట్టిన గొర్రెల కాపరి, వెళ్ళిపోయే పొద్దున తన కుక్కల్లో ఒకదాన్ని తాడుతో సహా మా ఇంటాయన చేతిలో పెట్టాడు. వాకిలి ఊడుస్తున్నదాన్ని చీపురు ఆపి చూశాను. మంద పెట్టడమంటే గొర్రెలను కొన్నాళ్ళు కోసిన పొలంలో పడుకోబెట్టడం. వాటి పెంట భూమికి బలం. అందుకు బదులుగా కాపరికి మేమే బియ్యమో జొన్నలో ఇస్తాం. అతను ఎదురు ఇచ్చిపోవడం నాగిరెడ్డిపేట చుట్టుపక్కల నేనెక్కడా వినలేదు.

నల్లటి కుక్క. ఛాతీ మీద తెల్ల మచ్చ. కాళ్ళు గట్టిగా ఉన్నాయి, పళ్ళు తెల్లగా ఉన్నాయి, కళ్ళలో పుసి లేదు. అన్నీ చూశాను.

"ఇంత మంచిదాన్ని ఎందుకు ఇడిసిపెడ్తున్నవు తమ్మీ?" అని అడిగాను.

"మంచిదే అక్కా. జర పని ఎక్కువ జేస్తది. గంతే," అన్నాడు. నా ముఖం చూడకుండా గొంగడి దులుపుకున్నాడు.

"పని ఎక్కువ జేస్తే ఎవరన్న ఇడిసిపెడ్తరా?"

అతను నవ్వాడు. గొర్రెలు రోడ్డెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. తన కుక్కను వదిలి వెళ్ళే మనిషి ఒక్కసారైనా తిరిగి చూడాలి కదా! చూడలేదంటే ఏదో ఉంది. ఇది గొర్రెపిల్లల రక్తం రుచి మరిగి ఉంటుంది, మందలో ఉంచుకోలేక మా నెత్తిన పెట్టాడు అనుకున్నాను. ఆ మాటే మా ఇంటాయనతో అన్నాను.

"నీకు దేవుడు ఎదురుంగ వచ్చి నిలబడ్డా ఆధార్ కార్డు అడుగుతవు," అన్నాడాయన.

అడుగుతాను. తప్పేముంది?

ఆ రోజంతా గడ్డివాము చాటున కూర్చుని కుక్క మా మేకలను ఏం చేస్తుందో చూశాను. కరవలేదు. కానీ ఊరుకోనూ లేదు. మేత కోసం తలో దిక్కు పోయిన మేకలను ఒక్కొక్కదాన్నే ముట్టెతో పొడిచి, భుజంతో తోసి, గోడ మూలకు చేర్చింది. చేర్చి వాటి ఎదురుగా నిలబడింది. ఒక మేక అడుగు ముందుకు వేస్తే ఇది రెండు అడుగులు వేసేది. సాయంత్రానికి మేకలు ఆకలితో అరుస్తున్నాయి. ముందు అన్నిటినీ ఒకచోట చేర్చి, తర్వాత తీరిగ్గా తినాలని చూస్తోందని నేను అనుకున్నాను. తినలేదు. మర్నాడూ తినలేదు. సమయం కోసం చూస్తోందనుకున్నాను.

తర్వాత కోళ్ళను మూలకు చేర్చింది. బడి నుంచి వచ్చే పిల్లలను మా ప్రహరీకి ఆనించి నిలబెట్టింది. మా ఇంటాయన టీ కొట్టుకు బయలుదేరితే కాళ్ళకు అడ్డంపడి ఇంటివైపు తోసేది. నేను పక్కింటికి చారెడు ఉప్పు కోసం పోతే కొంగు పట్టి లాగేది. మీదికి ఎగిరేది, మురికి కాళ్ళు రొమ్ము మీద పెట్టేది, తోకతో చెంబులు పడేసేది. కొత్తగా వచ్చినవాళ్ళు చావుకేక పెట్టేవారు. చీపురుతో కొట్టాను. ఆట అనుకుంది. ఒక పూట అన్నం పెట్టలేదు. ఆ పూట ఇంకా ఎక్కువ ఎగిరింది. కట్టేశాను. తాడు తెంచుకోలేదు, కొరకలేదు, కానీ వదులైపోయి తిరిగేది.

ఈ తాడు సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. తాడు చూస్తే ముడి విప్పి ఉండేది. కుక్కకు ముడి విప్పే చేతులుంటాయా? గోడ అవతల మా వదిన ఇల్లు. వరుసకు వదిన, మా ఇంటాయన పెదనాన్న కూతురు. గోడకు అటువైపు నుంచి చెయ్యి చాపితే కుక్కను కట్టిన గుంజ అందుతుంది. నేను ఆమెను అడగలేదు. అడిగితే ఏమంటుందో తెలుసు. అడగకుండా చూస్తూ ఉన్నాను.

నాట్లు మొదలయ్యాయి. మాది ఆడవాళ్ళ గుంపు. పొలం మొత్తానికి ఇంత కూలి అని మాట్లాడుకుని, అందరం కలిసి నాటి, వచ్చినది సమానంగా పంచుకుంటాం. దాన్ని గుత్త అంటాం. ఎవరి పొలం ఎప్పుడు, ఎవరెవరు రావాలి అన్నది చూసేది నేను. రైతులు ఫోన్ చేసేది నాకే. గుత్తలో ఒక చిక్కు ఉంది. ఒకరు నెమ్మదిగా నాటినా మిగిలినవాళ్ళతో సమానంగా వస్తుంది. అందుకని గుంపులో ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్న దగ్గర కళ్ళన్నీ తెరుచుకుని ఉంటాయి.

ఆ ఏడు గుంపులోకి ఒక కొత్తామె వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి డోంగ్లి వైపు మనిషి. భర్త పోయాక మా ఊళ్ళో ఉన్న అన్న ఇంటికి వచ్చి ఉంటోంది. మాటలో మరాఠీ కలుస్తుంది. నాటేటప్పుడు పెదవుల లోపల ఏదో అనుకుంటూ ఉంటుంది. నడుము దగ్గర చీర మడతలో చిన్న గుడ్డసంచి దోపుకుంటుంది, దాన్ని ఎవరికీ చూపించదు. అందరూ ఆమెను డోంగ్లామె అనేవారు. నేనే గుంపులోకి తీసుకున్నాను, నేనే ఆమె మీద ఒక కన్ను వేసి ఉంచాను.

మొదటి రోజే కుక్క ఒడ్డు వెంబడి మా వెనుక వచ్చింది. ముడి మళ్ళీ ఎవరో విప్పారు. మేం మడిలో దిగి, చీరలు ఎగదోపి, వరుసగా వంగి వెనక్కి జరుగుతూ నాటుతున్నాం. అది కాసేపు ఒడ్డు మీద అటూ ఇటూ పరిగెత్తింది. తర్వాత ఒక్కసారిగా బురదలోకి దూకి, నీళ్ళు చిందించుకుంటూ వచ్చి డోంగ్లామెను పిరుదు మీద ముట్టెతో పొడిచింది. ఆమె "ఆయీ!" అని అరిచి నారు కట్టతో సహా బోర్లా పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండోసారి పొడిచినప్పుడు కొందరే నవ్వారు. మర్నాడు మళ్ళీ ఆమెనే పొడిచినప్పుడు ఎవరూ నవ్వలేదు.

"పిచ్చి లేసిందేమో. సూది ఇప్పియ్యకుంటే మేం రాం," అన్నారు. సరే అని కుక్కను ఎల్లారెడ్డి పశువుల దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో ఆపాను. డ్రైవరు కుక్కను చూసి మొదట ఒప్పుకోలేదు.

"మందిని కర్వదా అక్కా?"

"ఇంతవరకైతే కర్వలే. నీ అదృష్టం ఎట్లున్నదో."

ఆటోలో అప్పటికే మనిషి మీద మనిషి కూర్చున్నట్టుంది. గంపలు, సంచులు, ఒక ముసలాయన ఒళ్ళో గడియారం డబ్బా. కుక్కను కాళ్ళ మధ్య ఇరికించి కూర్చున్నాను. దారిలో ఎవరి మీద ఎగురుతుందో, ఎవరితో తిట్లు తినాలో అని తాడు చేతికి చుట్టుకుని పట్టుకున్నాను. అది ఎగరలేదు. చుట్టూ ఉన్న కాళ్ళను ఒకసారి వాసన చూసింది, ముసలాయన పాదాల మీద గదువ పెట్టింది, నిద్రపోయింది. మా ఇంటికి వచ్చాక అది పగటిపూట కళ్ళు మూయడం అదే మొదటిసారి. నాకు సంతోషం కలగలేదు. ఇది నటిస్తోందా, లేక నిజంగానే దీనికి జబ్బుందా అనుకున్నాను.

దవాఖానలో సూది వేశారు. జబ్బేమీ లేదన్నారు. "కరిచిందా?" అని అడిగారు. కరిచిందో లేదో నేను చూడలేదు. ఇంటికి వచ్చి ముందు డోంగ్లామె ఉన్న ఇంటికి వెళ్ళి, కాళ్ళు చూపించమన్నాను. పిక్కల మీద గానీ మడమల మీద గానీ పంటి గాటు లేదు. బురద ముట్టె అద్దిన మరకలు మాత్రం చీర మీద ఉన్నాయి.

"ఏమన్న పెడ్తున్నవా దానికి? నీ నడుముల సంచిల ఏమున్నది?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి సంచి విప్పింది. తంబాకు, సున్నం డబ్బీ.

"గిది దాసుడెందుకు?"

"అందరు తింటరు గదక్కా. బయటికి తీస్తే అందరికి పెట్టాలె. నాకు ఎక్కడిది అంత?"

ఆ జవాబు నాకు అర్థమైంది. మా గుంపులో తంబాకు బయట పెడితే మధ్యాహ్నానికి సంచి కూడా మిగలదు. మరి నాటేటప్పుడు గొణిగేది ఏమిటని అడిగాను. ఆమె తల వంచుకుంది.

"మా అన్న పెండ్లాన్ని తిట్టుకుంట. మరాఠీల తిడ్తే ఎవ్వలకు సమజ్ గాదు గదా అని."

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. తంబాకు వాసన కోసం కుక్క రాదు. తిట్ల కోసం అసలే రాదు. అంత మందిలో ఈమెనే ఎందుకు వెతుక్కుంటోంది?

ఇదే ప్రశ్న గుంపులో ఇంకో రకంగా తిరుగుతోంది. మా వదిన మొదలుపెట్టింది. "నోరులేని జీవికి మనకు కనబడనివి కనబడ్తయి," అంది ఒడ్డు మీద సద్ది తింటూ. ఎవరి బర్రెకో పాలు తగ్గాయి. ఎవరి మనవడికో జ్వరం తగ్గడం లేదు. ఇంతకు ముందు ఎప్పుడూ బర్రెలకు పాలు తగ్గలేదా, పిల్లలకు జ్వరాలు రాలేదా? వచ్చాయి. కానీ అప్పుడు వాటి పక్కన పెట్టి చూడటానికి కొత్త మనిషి లేదు. నాటేటప్పుడు ఆమె గొణిగేది మంత్రమే అన్నారు. సద్ది తినేటప్పుడు డోంగ్లామె దూరంగా కూర్చునేది. ఆమె కూర్చుందో, మిగిలినవాళ్ళు జరిగారో నేను పట్టించుకోలేదు. ఆ మాటలు నేను నమ్మానని చెప్పను. నమ్మలేదనీ చెప్పను. కుక్కను అనుమానించాను, ఆమెను అనుమానించాను, గోడ అవతలి వదినను అనుమానించాను. మనసు మూడు దిక్కులా కాపలా కాసి అలిసిపోయేది.

మా ఇంటాయన ఒక ఉపాయం చేశాడు. పొగరుబోతు ఎద్దుకు మెడలో గుదికర్ర వేలాడదీస్తారు. పరిగెత్తితే ఆ కట్టె ముంగాళ్ళకు తగిలి ఆగిపోతుంది. "ఎద్దే లొంగుతది, కుక్కెంత?" అని మామిడి కట్టె ముక్క చెక్కి దాని మెడకు కట్టాడు. ఎద్దుకు పొగరుంటుంది కాబట్టి దెబ్బ తగిలితే ఆగుతుంది. ఈ కుక్కకు పొగరు లేదు, పని ఉంది. కట్టె కాళ్ళకు తగిలిన కొద్దీ ఇంకా తొందరపడి పరిగెత్తింది. మడిలో దిగి, అప్పుడే నాటిన నారంతా ఆ కట్టెతో ఈడ్చుకుంటూ పోయింది. ఈసారి డోంగ్లామెకు ముట్టెతో పాటు కట్టె దెబ్బ కూడా మోకాలి మీద పడింది. పొలం రైతు ఒడ్డు మీద నుంచి కేకలు వేశాడు. "నాట్లేస్తున్నరా, నాటింది పీకుతున్నరా?" ఇంకోవైపు వేలు చూపి, "గా సందు ఏంది? మనిషి పండుకునేంత సందు ఇడిసిపెట్టిన్రు!" అన్నాడు.

నిజమే. డోంగ్లామె నాటిన మునుముకూ, అంటే ఆమె వంతు వరుసకూ, పక్కామె వరుసకూ మధ్య నారు లేని పట్టీ పొడుగ్గా మిగిలి ఉంది. అందరూ డోంగ్లామెను చూశారు. ఆమె వెళ్ళి ఆ సందులో నాటడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మా వదిన, ఇంకొందరు మా వాకిట్లోకి వచ్చారు.

"ఇగో పిల్లా, రేపటి సంది ఆమె వస్తే మేం రాం. ఆమె ఉండాలె, లేకుంటే మేం ఉండాలె. నువ్వు ఫైసల్ జెయ్యి," అంది వదిన.

"కుక్క నాది గదా వదినె. కుక్కను ఇంట్ల కడ్త."

"కడ్తనే ఉన్నవు, అది వస్తనే ఉన్నది. అది వచ్చుడు గాదు, ఆమె పిల్చుడు."

"ముడి ఎవరిప్పుతున్నరో నాకు తెల్వదనుకుంటున్నవా?" అన్నాను, ఆమె కళ్ళలోకి చూస్తూ.

వదిన కళ్ళు తిప్పుకోలేదు. "ఎవరిప్పుతున్నరో గదే నేను గూడ అడుగుతున్న," అంది. నన్నే అనుమానిస్తున్నట్టు.

వాళ్ళు పోయాక చీకటి పడకముందే డోంగ్లామె వచ్చింది. ఎవరు చెప్పారో అన్నీ తెలిసే వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, నన్ను తీసేస్తవా?"

"ఇంక ఏం అనుకోలే."

"పనికి పోకుంటే మా అన్న పెండ్లాం ఒక్కరోజు ఉండనియ్యది. మళ్ళ డోంగ్లికి పోదామంటే గాడ నాకు ఎవ్వలున్నరు? నేను కుక్కను పిలుస్తలేనక్కా. నాకు కుక్కలంటేనే భయం."

కుక్క అప్పుడు గుంజకు కట్టేసి ఉంది. ఆమెను చూసి మొరగలేదు. చెవులు నిక్కబొడిచి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె ఒక అడుగు గుమ్మంలోకి వేసేసరికి కుక్క కూర్చుంది. అది కూడా నేను చూశాను. చూసి, ఇదేం వేషమో అనుకున్నాను.

రేపు ఒక్కరోజు రమ్మన్నాను. ఆ తర్వాత చెబుతానన్నాను.

మర్నాడు నేను మడిలో దిగలేకపోయాను. బురదలో ముల్లు గుచ్చుకుని చేతి బొటనవేలు వాచింది, నారు పట్టుకోవడానికి లేదు. ఒడ్డు మీద కూర్చుని నారు కట్టలు అందిస్తానన్నాను. ఇంట్లో కడితే ముడి ఆగడం లేదని కుక్కను కూడా వెంట తెచ్చి నా పక్కనే కట్టేశాను. ఇన్నేళ్ళుగా నాట్లు వేస్తున్నాను గానీ, నాట్లు వేసే వరుసను పక్క నుంచి నేనెప్పుడూ చూడలేదు. వంగి ఉన్న మనిషికి తన కాళ్ళ మధ్య నీళ్ళు, తన చేతిలో నారు తప్ప ఏమీ కనిపించదు. పక్కామె మాట వినిపిస్తుంది, పక్కామె కనిపించదు.

ఒడ్డు మీద నుంచి కనిపించింది.

తలలు కిందికి, నడుములు పైకి. ఒకే ఎత్తున, ఒకదాని పక్కన ఒకటి, అందరూ కలిసి నెమ్మదిగా జరుగుతున్నారు. ముఖాలు లేవు. ఉన్నవి వీపులే. నాకు ముందు గుర్తొచ్చింది మా మడిలో మేసిన మంద.

డోంగ్లామె చివరన ఉంది. ఆమె పక్కన మా వదిన. వదిన ఒక కట్ట నాటి, ఒక అడుగు వెనక్కి వేసి, ఒక అడుగు ఇవతలకు వేసింది. డోంగ్లామె అక్కడే ఉంది. మళ్ళీ ఒక కట్ట, మళ్ళీ ఒక అడుగు ఇవతలకు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. వదిన జరిగితే ఆమె పక్కామె కూడా జరిగింది, వరుస మొత్తం ఒక దిక్కుకు ఒరిగింది. డోంగ్లామె మాత్రం ఒంటరిగా అవతల మిగిలింది. ఆమెకూ వరుసకూ మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. రైతు చూపించిన సందు అదే. అది డోంగ్లామె వదిలినది కాదు.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. మహిళా సంఘం గదిలో అక్షరాలు దిద్దేటప్పుడు ఒక అక్షరాన్ని మాటకు దూరంగా రాస్తే చదవబోయిన కన్ను అక్కడే ఆగిపోయేది. ఆ నీళ్ళ సందు దగ్గర నా కన్ను అలాగే ఆగింది. ఆగింది నా కన్నొక్కటే కాదు. నా పక్కన తాడుకు కట్టి ఉన్న కుక్క కూడా సరిగ్గా అక్కడే చూస్తోంది. ఒళ్ళంతా వణుకుతోంది. సందు పెరిగిన కొద్దీ మూలుగు పెరుగుతోంది.

"జర పని ఎక్కువ జేస్తది."

మేకలు గోడ మూలన, పిల్లలు ప్రహరీకి ఆని, మా ఇంటాయన టీ కొట్టుకు పోకుండా. ఆటోలో మాత్రం మనిషి మీద మనిషి ఉంటే నిద్ర. దీనికి విడిపోయినవాళ్ళను చూస్తే ఊపిరాడదు. కాపరికి ఇలాంటి కుక్క ఎందుకు పనికొస్తుంది? గొర్రెలు మేయాలంటే విడిపోవాలి. ఇది మేయనివ్వదు. అందుకే అతను వెనక్కి చూడలేదు. చూసి ఆగితే ఇది అతన్నీ మందలోకి తోసుకుంటూ వెంట పోయేది.

అంత తేలిగ్గా నాకు నమ్మకం కుదరదు. పరీక్ష చేయాలనుకున్నాను. లేచి, కుక్క తాడు విప్పి, నేనే మడిలో దిగి వరుసకు దూరంగా నడిచాను. డోంగ్లామె కన్నా ఇంకా దూరంగా, అవతలి ఒడ్డు దాకా.

కుక్క డోంగ్లామె వైపు బయలుదేరింది. సగం దూరం వెళ్ళి ఆగింది. నన్ను చూసింది. ఆమెను వదిలేసి నా మీదికి వచ్చింది. వచ్చి నా తొడ వెనుక ముట్టెతో ఒక్క పోటు పొడిచిందంటే, వాచిన వేలు బురదలో ఆనించి కూర్చుండిపోయాను.

వరుస మొత్తం నడుములు ఎత్తి చూసింది.

"ఇప్పుడు నేను గూడ పిలిచిన్నా వదినె?" అన్నాను బురదలో కూర్చునే.

ఎవరో ముసిముసిగా నవ్వారు. వదిన నవ్వలేదు. "గది నీ కుక్కనే గదా. నిన్ను గుర్తువట్టింది," అంది.

"అయితే నువ్వు గా కొసకు పోయి నిలవడు."

"నేనెందుకు పోత?"

"ఏం లేకుంటే పోవుటానికి ఏమైతది? డోంగ్లామెను నడుమ నిలవెడ్తం. నువ్వు చివర్ల ఉండు. అది మళ్ళ ఆమెనే పొడిస్తే రేపటి సంది ఆమె రాదు. నేనే చెప్త."

ఆ మాట అనేశాక తట్టింది. కుక్క విషయంలో నా లెక్క తప్పితే ఆ మనిషికి రాత్రికి చోటుండదు. డోంగ్లామె నన్ను చూసిన చూపులో అది ఉంది. ఆమె వరుస నడుమకు వచ్చింది. ఆమెకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ముందు బిగుసుకుపోయారు. చోటు లేదు కాబట్టి జరగలేకపోయారు. వదిన గొణుక్కుంటూ చివరకు వెళ్ళింది. మళ్ళీ అందరూ వంగారు.

కుక్క ఒడ్డెక్కి ఒళ్ళు దులుపుకుంది. వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. డోంగ్లామె ఇప్పుడు నడుమ ఉంది, ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతోందో తెలియనంత దగ్గరగా. కుక్క ఆమె దగ్గర ఆగలేదు. కూర్చుంది. ఇది మోసం చేస్తుందేమో, ఇంకో క్షణానికి లేస్తుందేమో అని చూస్తున్నాను.

లేచింది. మా వదిన అలవాటు కొద్దీ ఒక అడుగు దూరం జరిగింది. ఈసారి వరుసను వదిలి బయటి దిక్కుకు. ఆమె పక్కన నీళ్ళు కనిపించాయి. కుక్క మడిలోకి దూకింది.

"ఓ... ఓ... కొట్టున్రే దీన్ని!" అని వదిన కేకలు. కుక్క ముట్టెతో పొడిచి, భుజంతో తోసి, పక్కామెకు ఆనుకునేదాకా తోసింది. తోసి తోక ఊపింది.

వరుసలో నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. డోంగ్లామె నడుము ఎత్తి మొదటిసారి అందరికీ వినపడేలా మాట్లాడింది.

"నువ్వు గూడ ఏమన్న మంత్రమేసినవా వదినె?"

ఒక్క క్షణం అందరూ ఆగారు. వదిన ఆమెను అడ్డంగా చూసింది, కుక్కను చూసింది, చీరకు అంటిన బురదను చూసింది.

"నాకు మంత్రాలొస్తే ముందుగాల నీ నడుముల తంబాకు నా కొంగులకు రప్పించుకుందును," అంది.

తంబాకు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అంటే ఆమెకు ముందు నుంచీ తెలుసు. మంత్రం కాదని తెలిసే అన్నదా, వాసన పట్టిందా, అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

డోంగ్లామె గుంపులో ఉంది. ఆ మాట నేను ఆ సాయంత్రమే వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళి, ఆయన భార్య వినేలా వాకిట్లో నిలబడి చెప్పాను. కామారెడ్డి దిక్కు ఒక పెద్ద గుత్త దొరికితే ఆటోలో మా ఒళ్ళో గంపలతో పాటు ఆమె కూడా వచ్చింది. కుక్క కాళ్ళ కింద పడుకుని వచ్చింది. ఇప్పుడు దాన్ని కొట్టను, గుదికర్ర పొయ్యిలో పెట్టేశాను. పొద్దున పొలానికి పోయేముందు మేకలను కాసేపు మూలకు చేర్చే పని ఇస్తాను, అలిసిపోయేదాకా. ఆ తర్వాత మేకలను వాటి పాటికి మేయనివ్వడానికి దాన్ని వెంట తీసుకుపోతాను. మడిలో మేం దగ్గరగా ఉంటే అది ఒడ్డు మీద ఉంటుంది. రైతులు ఇప్పుడు సందు పడిందని అనడం లేదు. వరుస చివరి చోటుకు మాత్రం ఎవరూ ఇష్టంగా పోరు. వంతు పెట్టుకున్నాం.

తాడు ముడి ఎవరు విప్పేవారో తెలియలేదు. వదినా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకరోజు సద్ది తినేటప్పుడు ఆమె డోంగ్లామె ముందుకు అరచెయ్యి చాపింది. డోంగ్లామె నిట్టూర్చి సంచి విప్పింది. ఇద్దరి మధ్య ఇప్పుడు కుక్క పట్టేంత చోటు కూడా లేదు. అది నారు కట్ట మీద గదువ పెట్టి కళ్ళు మూసుకుంది.

నేను మాత్రం తినడం ఆపి రెండుసార్లు దాని వైపు చూశాను. నిజంగా పడుకుందో, రెప్పల సందులోంచి మమ్మల్ని లెక్కపెడుతోందో.